పాత కారుకు మూడో దారి

యాభై ఏళ్లు దాటిన కారు ఏమవ్వాలన్న ప్రశ్నకు కేంద్రం 2021లో ఒక జవాబు చెప్పింది. ఛాసిస్, బాడీ, ఇంజన్ పెద్దగా మార్చకుండా, తయారైన రూపంలోనే కాపాడుకున్న కారైతే వింటేజ్ హోదా ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20 వేల రూపాయలు కట్టాలి. నంబరులో ‘వీఏ’ అక్షరాలు చేరతాయి. పదేళ్లు చెల్లుతుంది. ర్యాలీలకూ ప్రదర్శనలకూ తప్ప రోజువారీ తిరగడానికి వీల్లేదు. ఫిట్‌నెస్‌కు తూగని బళ్లకు అదే ఏడాది వచ్చిన తుక్కు విధానం ఇంకో దారి చూపించింది. ఈ రెండిటికీ మధ్య మిగిలిపోయిన కార్ల సంగతి ఎవరూ మాట్లాడలేదు. ద్రాక్షారామం, రామచంద్రపురం, మండపేట వైపు ఏ పాత షెడ్డులోనో టార్పాలిన్ కింద పడి ఉండే ఫియట్ పద్మిని సంగతి చూడండి. దాని ఇంజన్ ఎప్పుడో మారిపోయి ఉంటుంది, ఫ్లోరు తుప్పు తినేసి ఉంటుంది. మ్యూజియానికి అది పనికిరాదు, తూకానికి వేస్తే వచ్చేది ఇనప ధరే. అలాంటి కారును ఇంటి దగ్గరే విప్పి, రోడ్డు నుంచి శాశ్వతంగా తప్పించి, ట్రాక్ మీద మాత్రమే పరుగెత్తే రేసు కారుగా కట్టుకోవడం మూడో దారి. ప్రభుత్వం ఆ దారిని గుర్తించాలి, దానికి చోటు కూడా చూపించాలి. ఇది సరదారాయుళ్ల కోసం అడిగే రాయితీ అనుకుంటే పొరపాటు. మన గోదావరి డెల్టా మెకానిక్ చేతికి ఇంతవరకూ దక్కని చదువు అందులో ఉంది.

ఆ చదువేమిటో తెలియాలంటే పని ఎలా జరుగుతుందో చూడాలి. రేసు కారు అనగానే అందరికీ ఇంజన్ గుర్తొస్తుంది గానీ, ఇంజన్ వంతు వచ్చేది చివర్లో. ముందు కారును రేకు దాకా విప్పాలి. సీట్లు, డోర్ ప్యాడ్లు, మ్యాట్లు, వైరింగు అన్నీ బయటికి రావాలి. పాత టింకరింగులో దాచిన పుట్టీ గీకితే తప్ప తుప్పు ఎంతదాకా పాకిందో తెలియదు. ఉప్పుగాలి తగిలే మన డెల్టాలో అది చాలా దూరమే పాకుతుంది. పద్మినికీ అంబాసిడర్‌కీ లారీలాగా విడి ఛాసిస్ ఉండదు, బాడీయే బరువంతా మోస్తుంది. కాబట్టి ఫ్లోరు, సిల్లు తుప్పుపడితే కారు బలమే పోయినట్టు. అక్కడ కొత్త రేకు అతికాకే రోల్ కేజ్, అంటే డ్రైవరు చుట్టూ కట్టే ఉక్కు గొట్టాల చట్రం. దీనికి నీళ్ల పైపు పనికిరాదు. అంతర్జాతీయ సమాఖ్య ఎఫ్ఐఏ నిబంధనల ప్రకారం డ్రైవరు వెనక ఉండే ప్రధాన కమ్మీకి అతుకు లేని కోల్డ్ డ్రాన్ ఉక్కు గొట్టం వాడాలి. అది 45 మిల్లీమీటర్ల వ్యాసం, 2.5 మిల్లీమీటర్ల మందం గానీ, 50 మిల్లీమీటర్ల వ్యాసం, 2 మిల్లీమీటర్ల మందం గానీ ఉండాలి. కారు పల్టీ కొట్టినప్పుడు డ్రైవరు ప్రాణం ఆ గొట్టం మీదా, దాన్ని పట్టుకున్న వెల్డింగు మీదా ఆధారపడి ఉంటుంది.

తర్వాతి వంతు బ్రేకులది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఉన్న కారును ఆపడం వేరు, 120లో ఉన్నదాన్ని ఆపడం వేరు. వేగం రెట్టింపైతే బ్రేకులు మింగాల్సిన శక్తి నాలుగింతలవుతుంది. ఆ శక్తంతా వేడిగా మారి పాత డ్రమ్ముల్లోనే చిక్కుకుంటుంది. నాలుగు మలుపులు తిరిగేసరికి లైనింగు పట్టు వదిలేస్తుంది, బ్రేక్ ఆయిల్ మరిగితే పెడల్ నేలకు ఆనుకుంటుంది. అందుకే ముందు చక్రాలకు డిస్కులు పెట్టుకోవాలి. ఒక లైను పగిలినా రెండోది పనిచేసేలా జంట సర్క్యూట్ మాస్టర్ సిలిండర్ వేసుకోవాలి. ఆ తర్వాత బకెట్ సీటు, ఆరు చోట్ల బిగించే బెల్టు, మంటలార్పే సిలిండరు, బయటినుంచి కూడా కరెంటు కోసేయగల స్విచ్చి, కారిన ఇంజన్ ఆయిల్ ట్రాక్ మీద పడకుండా పట్టే డబ్బా. అప్పుడు వస్తుంది 1089 సీసీ ఇంజన్ వంతు. బోరు కొట్టించి, హెడ్డు చెక్కించి కంప్రెషన్ పెంచి, క్రాంకు బ్యాలెన్సు చేయించుకున్నా పుట్టుకతో 40 హార్స్‌పవర్ దరిదాపుల్లో ఉన్న ఇంజన్ అది. దాని దగ్గర అద్భుతాలు ఆశించకూడదు. కారులోంచి తీసేసిన ప్రతి కిలో బరువు మాత్రం వేగంలో, మలుపులో, బ్రేకులో మూడు చోట్లా కలిసొస్తుంది.

ఈ పనుల్లో మన షెడ్లకు చేతకానిది దాదాపు ఏదీ లేదు. చేలకు నీళ్లు తోడిన ఆయిల్ ఇంజన్ల కాలం నుంచి వరికోత మిషన్లు, రొయ్యల చెరువుల ఏరేటర్ల దాకా గోదావరి డెల్టాలో యంత్రాన్ని బతికించినవాళ్లు స్థానిక మెకానిక్కులే. విడిభాగం దొరక్కపోతే లేత్ మీద తిప్పి చేసుకున్న చేతులవి. అయితే ఆ నైపుణ్యానికి ఒక లోటు ఉందని ఒప్పుకోవాలి. అది పని నడిచిపోతే చాలు అనుకునే నైపుణ్యం. ఏ బోల్టును ఎంత టార్కుతో బిగించారు, ఏ గొట్టం ఏ గ్రేడు, ఏ వెల్డింగు ఎవరు ఎప్పుడు చేశారు అని రాసిపెట్టుకునే అలవాటు అందులో లేదు, ఎవరూ అడగలేదు కాబట్టి. రేసు ట్రాక్ అడుగుతుంది. పోటీకి ముందు స్క్రూటినీ అధికారి కారు కిందికి దూరి చూస్తాడు, కొలత తప్పితే వెనక్కి పంపేస్తాడు. కొలిచి చేయడం, చేసింది రాసిపెట్టడం, ఇంకొకరి పరీక్షకు నిలబడటం పెద్ద కార్ఖానాలు తమ పనివాళ్లకు నేర్పే పద్ధతులు. ఇంట్లో కట్టే రేసు కారు వాటిని షెడ్డులోకే తెస్తుంది. మన ఇంజనీరింగ్ కాలేజీల కుర్రాళ్లు బాహా, సుప్రా లాంటి పోటీల కోసం బళ్లు కట్టి ఇలాంటి తనిఖీలకు నిలబడుతూనే ఉన్నారు. ఆ అవకాశం డిగ్రీ లేని మెకానిక్‌కు, ఐటీఐ కుర్రాడికి ఎందుకు ఉండకూడదు?

పాత చిన్న కార్ల నుంచి పెద్ద పరిశ్రమలు ఎలా పుట్టాయో చరిత్రలో ఉంది. 1948లో కోలిన్ చాప్‌మన్ అనే లండన్ కుర్రాడు 1928 నాటి ఆస్టిన్ సెవెన్‌ను ఒక ఇంటి వెనక గ్యారేజీలో విప్పి పోటీ కారుగా కట్టుకున్నాడు. లోటస్ కంపెనీ మొదటి కారు అదే. న్యూజిలాండ్‌లో బ్రూస్ మెక్‌లారెన్ తన మొదటి పోటీలకు దిగింది కూడా తండ్రి గ్యారేజీలో బాగుచేసిన ఆస్టిన్ సెవెన్‌తోనే. ఇద్దరూ స్థాపించిన జట్లు తర్వాత ఫార్ములా వన్ ప్రపంచ విజేతలయ్యాయి. వాళ్ల ప్రతిభను తక్కువ చేయక్కర్లేదు గానీ, ఆ ప్రతిభకు ఆసరాగా నిలిచిన ఏర్పాటును మరచిపోకూడదు. 1939లో పుట్టిన 750 మోటార్ క్లబ్, యుద్ధం ముగిశాక, చవకగా దొరికే ఆస్టిన్ సెవెన్ భాగాలతో కట్టిన కార్లకోసం ప్రత్యేక తరగతి పెట్టింది. యుద్ధకాలపు వైమానిక స్థావరమైన సిల్వర్‌స్టోన్‌లో 1948లోనే రేసులు మొదలయ్యాయి. చవక నిబంధన, ఖాళీ రన్‌వే, ఈ రెండూ ఉన్నచోట గ్యారేజీలు పరిశ్రమగా ఎదిగాయి. ఫార్ములా వన్ జట్లలో సగానికి పైగా ఇవాళ్టికీ ఇంగ్లండులోనే ఉన్నాయి.

మన పొరుగున జరిగిందీ అదే. మద్రాసు దగ్గర షోలవరంలోని పాత యుద్ధకాలపు రన్‌వే మీద దశాబ్దాల పాటు రేసులు జరిగాయి. విదేశీ కార్ల దిగుమతి దాదాపు మూసుకుపోయిన రోజుల్లో ఫియట్‌లను, స్టాండర్డ్ హెరాల్డ్‌లను విప్పి కట్టుకున్నవే అక్కడ పోటీపడ్డాయి. ఆ వాతావరణం లోంచి వచ్చినవాడే కోయంబత్తూరు ఎస్. కరివర్ధన్. మారుతి 800లోని 796 సీసీ ఇంజన్‌ను తీసుకుని, దాని చుట్టూ తక్కువ ఖర్చులో ఒంటి సీటు రేసు కారు కట్టి 1988లో ఫార్ములా మారుతి మొదలుపెట్టాడు. నరైన్ కార్తికేయన్ మొదటి రేసు నడిపింది ఆ తరగతిలోనే. 2005లో అతను ఫార్ములా వన్‌లో అడుగుపెట్టిన తొలి భారతీయుడయ్యాడు. కరివర్ధన్ 1995లో విమాన ప్రమాదంలో పోయాడు. కోయంబత్తూరులో 2003లో తెరిచిన ట్రాక్‌కు ఆయన పేరే పెట్టారు. తెలుగు నేల మీద ఈ మధ్య జరిగిన పెద్ద రేసు హైదరాబాద్ ఫార్ములా-ఈ. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ పక్కన 2.83 కిలోమీటర్ల వీధి ట్రాక్ మీద జరిగింది. మరుసటి ఏడాదిది రద్దయింది. వచ్చిన కార్లు వచ్చినట్టే వెళ్లిపోయాయి. మన మెకానిక్‌కు అందులో చూడటం తప్ప చేయడానికి ఏమీ లేకపోయింది. ఖర్చు పెట్టాల్సింది ఇలాంటి ప్రదర్శనల మీద కాదని నా గట్టి నమ్మకం.

దీనికి వచ్చే అభ్యంతరాల్లో అన్నిటికన్నా బరువైనది కుర్రాళ్ల ప్రాణాల గురించి. డెల్టాలో చాలా రోడ్లు కాలవ గట్ల మీదే ఉన్నాయి. ఒకవైపు నీళ్లు, ఒకవైపు పల్లపు చేలు, అడ్డంగా వచ్చే ధాన్యం ట్రాక్టర్లు. కార్లు కాలవల్లో పడి కుటుంబాలు పోయిన వార్తలు ఇక్కడి పాఠకులకు కొత్త కాదు. అలాంటి చోట రేసు కార్లంటే భయపడటం న్యాయమే. అయితే వేగం మీద మోజు రేసు కార్ల వల్ల పుట్టలేదు, అది ఇప్పటికే రాత్రిపూట బైపాసుల మీద తిరుగుతోంది. అమెరికాలో కుర్రాళ్లు పాత కార్లను మార్చుకుని వీధుల్లో పందేలు వేస్తున్న రోజుల్లో వాలీ పార్క్స్ 1951లో జాతీయ హాట్ రాడ్ సంఘం స్థాపించింది వాళ్లను వీధుల్లోంచి తీసి నిబంధనలున్న స్ట్రిప్పుల మీదికి మళ్లించడానికే. ఇక్కడ కూడా గీత గట్టిగా గీయాలి. ట్రాక్ కోసం కట్టిన కారు రిజిస్ట్రేషన్ రద్దు కావాలి, నంబరు ప్లేటు ఉండకూడదు, షెడ్డు నుంచి ట్రాక్‌కు ట్రైలర్ మీదే వెళ్లాలి. రిజిస్ట్రేషన్ ఉన్న బండిని కంపెనీ కొలతలకు విరుద్ధంగా మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే ఖాయం చేసింది. ఆ నియమాన్ని సడలించమని ఎవరూ అడగకూడదు. రోడ్డు మీద తిరిగే మార్పిడి బళ్లపై ఇంకా కఠినంగా ఉండమనే నేనూ అంటాను.

వారసత్వాన్ని పాడుచేస్తున్నారన్న అభ్యంతరం కూడా తోసిపుచ్చదగినది కాదు. అసలు రూపంలో మిగిలిన పాత కారును కోసి రేసు కారు చేయడం తప్పే. ఒకసారి పోయిన అసలు బాడీ మళ్లీ రాదు. కాబట్టి వింటేజ్ హోదాకు అర్హత ఉన్న కారును ట్రాక్ తరగతిలోకి తీసుకోకూడదని నిబంధన పెట్టాలి. అంబాసిడర్ 2014 దాకా, పద్మిని కొత్త శతాబ్దం మొదలయ్యేదాకా తయారయ్యాయి. పాడైన బాడీలకు కరువేమీ రాదు. ఇది డబ్బున్నవాళ్ల ఆటేగా అనేవాళ్లకు 750 క్లబ్బూ ఫార్ములా మారుతీ జవాబు. ఒకే ఇంజన్, ఖర్చు పెంచే మార్పులకు నిషేధం ఉంటే డబ్బుకన్నా పనితనానికి విలువ వస్తుంది. ఇక పొగ, పెట్రోలు అంటారా, ఏడాదికి కొద్ది రోజులు తిరిగే పాతిక కార్ల వల్ల వచ్చే నష్టం చాలా చిన్నది.

మిగిలింది చోటు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటిష్‌వాళ్లు వేసిన రన్‌వే తాడేపల్లిగూడెంలో ఉంది. అదే ఊళ్లో 2015 నుంచి ఎన్ఐటీ నడుస్తోంది. షోలవరానికి ఉన్న సదుపాయంతో పాటు దానికి లేని విద్యాసంస్థ కూడా ఇక్కడ ఉంది. అక్కడ విమానాశ్రయం కట్టాలన్న ప్రతిపాదన ఉన్న మాట నిజమే, అది వస్తే రావాలి కూడా. అప్పుడు ట్రాక్‌కు వేరే చోటు వెతకాలి. ఈలోగా ఏడాదికి రెండు వారాంతాలు ఆ రన్‌వే వాడుకుంటే ఎవరి ప్రణాళికకూ అడ్డం రాదు. ఇప్పుడు ట్రాకులున్న శ్రీపెరుంబుదూరుకో కోయంబత్తూరుకో కారు ట్రైలర్ ఎక్కించుకుపోయే ఖర్చు ద్రాక్షారామం మెకానిక్ ఎప్పటికీ పెట్టుకోలేడు. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ బహిరంగ స్థలంలో రేసును నేరమంటుంది, అయితే రాష్ట్ర ప్రభుత్వం రాతపూర్వకంగా అనుమతిస్తే కాదంటుంది. అంటే తాళంచెవి అమరావతి చేతిలోనే ఉంది. రవాణా, క్రీడా శాఖలు కలిసి దేశంలో మోటారు క్రీడలను చూసే సమాఖ్య పర్యవేక్షణలో, స్క్రూటినీ, అంబులెన్సు, అగ్నిమాపక దళం అన్నీ పెట్టి మొదటి వారాంతం నిర్వహించాలి. కాకినాడ, రాజమహేంద్రవరం పాలిటెక్నిక్‌లు, ఐటీఐలు ఒక్కో షెడ్డును దత్తత తీసుకుని కొలత పరికరాలు, వెల్డింగు పరీక్ష అందించాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. ఒక ప్రభుత్వ ఉత్తర్వు చాలు.