గాజు గోడకు ఊరేది?

కావేరి గొడవ రేగినప్పుడల్లా టీవీల్లో అత్తిబెలె కనిపిస్తుంది. కర్ణాటక బస్సులు ఇవతల, తమిళనాడు బస్సులు అవతల హోసూరులో నిలిచిపోతాయి. మధ్యలో జెండాలతో కన్నడ ఉద్యమ నాయకుడు వాటాళ్ నాగరాజ్ రోడ్డు మీద బైఠాయిస్తారు. గొడవల్లేని రోజుల్లో ఇది 44వ నంబరు జాతీయ రహదారి మీద ఒక టోల్‌గేటు ఊరు. కన్నడ బోర్డు కింద తమిళ కండక్టరు కేక, పక్క టీకొట్టులో తెలుగు. ఆనేకల్, హోసూరు పరిసరాల్లో తరతరాలుగా ఇంట్లో తెలుగే మాట్లాడుకునే కుటుంబాలు లెక్కలేనన్ని.

ఇన్ని భాషలున్న చోట కొత్త కట్టడాలకు మాత్రం ఒక్కటే ముఖం. మూడు వైపులా సిమెంటు గోడ, రోడ్డు వైపు నీలి గాజు. ఆ గాజు పడమరకు తిరిగి ఉంటే సాయంత్రం నాలుగయ్యేసరికి లోపల కర్టెన్లు దించుతారు, చీకటైందని ట్యూబ్‌లైట్లు వేస్తారు, ఉక్కపోస్తోందని ఏసీ పెంచుతారు. ఇదంతా సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున, ఒకప్పుడు ఫ్యాను కూడా అక్కర్లేదని గొప్పగా చెప్పుకున్న నేల మీద!

దీనికి ఆధునిక వాస్తుశిల్పాన్ని తిట్టడం పరిపాటి అయింది. పరాయి దేశపు డబ్బాలు తెచ్చి మన ఊళ్లను పాడుచేశారంటారు. బెంగళూరు చరిత్ర చూస్తే ఆ మాట నిలవదు.

నాజీల జర్మనీని వదిలి వచ్చిన ఒట్టో కోనిగ్స్‌బర్గర్ 1939లో మైసూరు సంస్థానంలో వాస్తుశిల్పిగా చేరాడు. ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ఆయన గీసిన భవనాలకు గుమ్మటాలు లేవు, గోపురాలు లేవు. ఎండ ఏ గోడను తాకుతుంది, గాలి ఎటు నుంచి వస్తుంది అన్న లెక్కలతో పని చేశాడు. తర్వాత భువనేశ్వర్ నగర ప్రణాళిక గీసిందీ ఆయనే. ఉష్ణమండల దేశాల్లో ఇళ్లు ఎలా కట్టాలో చెప్పే పాఠ్యగ్రంథాన్ని 1970ల్లో మరికొందరితో కలిసి రాశాడు. పరాయివాడే, కానీ ఇక్కడి ఎండను చదువుకున్న పరాయివాడు.

దీనికి పూర్తి భిన్నమైన జవాబు కర్ణాటక శాసనసభ భవనం విధానసౌధ. 1951లో నెహ్రూ శంకుస్థాపన చేసే నాటికి, కె.సి. రెడ్డి ప్రభుత్వ హయాంలో అనుకున్నది సాదాసీదా నమూనా. తర్వాత ముఖ్యమంత్రి అయిన కెంగల్ హనుమంతయ్య దాన్ని మార్చేశారు. ఊరంతా యూరప్ భవనాలే, మీకంటూ సొంత శైలి లేదా అని రష్యా నుంచి వచ్చిన బృందం అడగడం ఆయనను పొడిచిందని చెబుతారు. 1956కల్లా స్తంభాలతో, గుమ్మటంతో గ్రానైటు సౌధం లేచింది. అందంగానే ఉంటుంది, సందేహం లేదు. కానీ ప్రాంతీయత అంటే పాత గుడిలోంచో కోటలోంచో ఒక ఆకారం తెచ్చి నెత్తిన పెట్టడమే అన్న అలవాటును రాజకీయ నాయకులకు నేర్పిన భవనాల్లో అదొకటి.

మూడో దారి చూడాలంటే బన్నేరుఘట్ట రోడ్డులోని ఐఐఎంకు వెళ్లాలి. ‘3 ఇడియట్స్’లో ఇంజనీరింగ్ కాలేజీగా కనిపించేది ఇదే కాబట్టి వెళ్లనివారికీ కొంత పరిచయమే. పారిస్‌లో లె కార్బూజియే దగ్గర పని నేర్చి, అహ్మదాబాద్‌లో లూయీ కాన్‌తో కలిసి పనిచేసిన బాలకృష్ణ దోషి 1970ల చివర్లో దీనికి రూపమిచ్చాడు. పొడవాటి నడవలు, పైన కప్పుకు బదులు అక్కడక్కడా కాంక్రీటు పందిళ్లు, వాటి మీద పాకిన తీగలు. ఉదయం తొమ్మిదింటికి గోడ మీద పడిన నీడల గీతలు పదకొండింటికి నేలకు దిగుతాయి. నడవా అకస్మాత్తుగా వెడల్పై ఒక అరుగు వస్తుంది. పిల్లలు అక్కడే చతికిలబడి వాదించుకుంటారు. ఫతేపూర్ సిక్రీ తనకు స్ఫూర్తి అని దోషి చెప్పుకున్నాడు. అయినా అక్కడి తోరణం ఒక్కటీ ఇక్కడ కనిపించదు. అతను తెచ్చుకున్నది నడక, ఆగడం, ఎండ నుంచి నీడలోకి జరగడం. 2018లో ప్రిట్జ్‌కర్ బహుమతి అందుకున్న తొలి భారతీయుడు అతనే.

ఆ గోడలు ముట్టుకుంటే చేతికి గరుకుగా తగులుతాయి. నునుపు చేయని గ్రానైటు అది. బెంగళూరు చుట్టుపక్కల పాత పద్ధతిలో బండ మీద కట్టెల నిప్పు పరిచి మెల్లగా జరుపుకుంటూ పోయేవారు. వేడికి పైపొర విడివడి పలకలా లేచేది. దాన్ని సుత్తీ ఉలీతో కోసి ఇంటికి కప్పుగా, పొలానికి కడీలుగా వాడేవారు. ఈ రాతిపనిలో తరాలుగా బతికిన వడ్డెరలను కర్ణాటకలో భోవి అంటారు. వారిలో చాలామందికి ఇంటి భాష తెలుగు. బెంగళూరు గ్రానైటు గోడల వెనుక మన మాట కూడా ఉందన్నది పర్యాటక కరపత్రాల్లో ఎక్కడా కనిపించదు. ఇప్పుడు అత్తిబెలెకు దగ్గర్లోని జిగణి ఫ్యాక్టరీల్లో అదే రాయిని అద్దంలా మెరిసేలా పాలిష్ పడుతున్నారు. అదే రోడ్డు మీది భవనాలకు మాత్రం గాజు!

సరిహద్దు దాటితే హోసూరులో టైటాన్ ఉద్యోగుల టౌన్‌షిప్‌కు రూపకర్త చార్లెస్ కొరియా. హైదరాబాద్‌లో ఈసీఐఎల్ కార్యాలయాన్ని 1960ల్లో ఎండను కాచుకోవడమే ప్రధానంగా గీసిందీ ఆయనే. ఈసీఐఎల్ క్రాస్‌రోడ్స్‌లో రోజూ బస్సు దిగే వేలమందికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. తెలియనిదాన్ని కూల్చడం సులభం. ఢిల్లీలో హాల్ ఆఫ్ నేషన్స్ అనే ఆధునిక ప్రదర్శనశాలను 2017లో అలాగే నేలమట్టం చేశారు.

తెలుగు రాష్ట్రాలు మాత్రం హనుమంతయ్య దారినే పట్టాయి. 2023లో ప్రారంభమైన తెలంగాణ సచివాలయానికి గుమ్మటాలే గుర్తింపు. ఆంధ్ర రాజధాని అమరావతికి జపాన్ వాస్తుశిల్పి ఫుమిహికో మాకీ ఇచ్చిన నమూనాను పొగగొట్టాల్లా ఉందని వెక్కిరించి పక్కన పెట్టారు. ఆయన స్థానంలో బ్రిటన్ వాస్తుశిల్పి నార్మన్ ఫోస్టర్ వచ్చాక, 2017లో దర్శకుడు రాజమౌళి సలహా కూడా తీసుకున్నారు. సూర్యకిరణం తెలుగుతల్లి విగ్రహం మీద పడేలా చేద్దామన్నది రాజమౌళి ఆలోచన. అరసవల్లి సూర్యదేవాలయాన్ని చూసిన తెలుగువాడికి ఆ ఊహ నచ్చకుండా ఉండదు.

అమరావతిలో మధ్యలో ఆగిన పనులు 2025 మేలో మళ్లీ మొదలయ్యాయి. అసెంబ్లీ శిఖరం ఎత్తు ఎంతో ఇప్పటికే చాలామందికి తెలుసు. మే నెల మధ్యాహ్నం బస్సు దిగి అర్జీ పట్టుకుని వచ్చిన మనిషి లోపలికి చేరేదాకా ఎన్ని అడుగులు నీడలో నడుస్తాడో, గోడలకు పల్నాటి రాయి ఎంత వాడుతున్నారో, పడమటి గాజుకు అడ్డం ఏమిటో కూడా ప్రభుత్వం జనం ముందు పెట్టాలి. పునాదుల దశలోనే అడగాల్సిన ప్రశ్నలివి.