పుంజు కాలికి కత్తి కట్టిందెవరు?

భార్యను కొట్టిన మగవాణ్ణి వెనకేసుకురావడానికి ఒకప్పుడు ఆమె ‘ఖర్మ’ అనేవారు. ఇప్పుడు అతని ‘హార్మోన్లు’ అంటున్నారు. సికింద్రాబాదులో మహిళల సమావేశాలకు వెళ్ళినప్పుడల్లా చదువుకున్న వాళ్ళ నోటే ఈ మాట వింటున్నాను. ‘మగజాతి అంతా అంతే, కోడిపుంజును చూడండి’ అని ఉదాహరణ కూడా చెబుతారు. సరే, కోడిపుంజునే చూద్దాం.

1849లో జర్మనీలో బెర్తోల్డ్ అనే శాస్త్రవేత్త పుంజుపిల్లలకు వృషణాలు తీసేస్తే అవి పెద్దయ్యాక పుంజుల్లా కూయలేదు, కలబడలేదు. వృషణాన్ని తిరిగి పొట్టలో అమర్చినవి మాత్రం మామూలు పుంజుల్లాగే పెరిగాయి. వృషణాల నుంచి రక్తంలో చేరే ఆ హార్మోనుకే తర్వాత టెస్టోస్టిరాన్ అని పేరు పెట్టారు. దాని ప్రభావం నిజమే. కాదనాల్సిన అవసరం స్త్రీవాదులకు లేదు.

కానీ కథ అక్కడితో ఆగలేదు. 1990లో వింగ్‌ఫీల్డ్, ఆయన సహచరులు అనేక పక్షిజాతులను పోల్చి చూశారు. హద్దుల కోసమో, జోడీ కోసమో మరో మగపక్షితో పోటీ వచ్చినప్పుడు ఈ హార్మోన్ పెరుగుతుందనీ, పిల్లలను సాకే రోజుల్లో తగ్గుతుందనీ వివరించారు. అంటే పరిస్థితిని బట్టి ఒళ్ళు కూడా మారుతుంది. మన చెరువుల్లో తామరాకుల మీద నడిచే జకానాల్లోనైతే హద్దుల కోసం పోట్లాడేది ఆడపక్షి, గుడ్లు పొదిగేది మగపక్షి. వీటిలో ఏది ‘ప్రకృతి ధర్మం’?

ఇక సంక్రాంతికి భీమవరం చుట్టుపక్కల బరిలో దిగే పుంజు సంగతి. దాన్ని విడిగా కట్టేసి, బాదంపప్పు మేపి, ఈత కొట్టించి నెలల తరబడి తయారుచేస్తారు. కాలికి కత్తి కడతారు. చుట్టూ లక్షల పందేలు. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం జంతువులను పోట్లాటకు ఉసిగొల్పడం నేరం. ఆ చట్టం నిలదీసేది పుంజును కాదు, పందెం కట్టించిన మనిషిని.

మగపిల్లల పెంపకమూ చూడండి. ఏడిస్తే ‘ఆడపిల్లవా?’ అని వెక్కిరింపు. కొట్టి వస్తే మెచ్చుకోలు. పెళ్ళయ్యాక చెయ్యి చేసుకుంటే ‘సర్దుకుపో అమ్మా’ అని ఆమెకే బుద్ధులు. అదే మనిషి పై అధికారి తిట్టినా నోరెత్తడు. ఇంటి గడప దాటి లోపలికి రాగానే హార్మోన్ పొంగుతుందా? పొంగేది అడిగేవాళ్ళు లేరన్న ధీమా.

ఆ ధీమాను ప్రశ్నించే హక్కును 2005 గృహహింస చట్టం మనకు ఇచ్చింది. ‘మగవాడి నైజం’ అన్న మాటతో ఆ హక్కును నీరుగార్చేవాళ్ళు పంచాయితీలో ఉన్నా, పోలీసు స్టేషనులో ఉన్నా, మన ఇంట్లోనే ఉన్నా నిలదీద్దాం.