ఇంటి కెమెరా – వైఫై చిక్కులు

 

ఉపాధి నిమిత్తం హైదరాబాదులోనో, గల్ఫ్ దేశాలలోనో ఉంటున్న కుమారులు పెడనలోని తల్లిదండ్రుల ఇంటికి కెమెరా పంపించడం ఇప్పుడు సర్వసాధారణమైంది. వీధి తలుపు తట్టిన వారెవరో అంత దూరాన ఉండి కూడా చూసి, అమ్మీకి ధైర్యం చెప్పవచ్చునని వారి ఆశ. అయితే బిగించిన నాడే చిక్కు మొదలవుతుంది. ఫోనుకు వైఫై చక్కగా అందుతుంది, కెమెరాకు మాత్రం అందదు. విసిగిన ఇంటివారు ఎవరో కుర్రవాణ్ణి పిలిచి, ఫోను, పాస్‌వర్డ్ సర్వమూ అతని చేతిలో పెడతారు. అసలు ప్రమాదం అక్కడే ఉన్నది. ఎక్కువ సందర్భాలలో లోపం చిన్నదే. వరుసగా పరిశీలిస్తే ఇంటివారే సరిచేసుకోవచ్చు.

మొదట చూడవలసినది రౌటర్. నేటి రౌటర్లు చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్ అనే రెండు శ్రేణులలో వైఫైని ప్రసారం చేస్తాయి. తక్కువ ధర కెమెరాలలో అధిక భాగం 2.4 శ్రేణిని మాత్రమే అందుకోగలవు. రెండింటికీ ఒకే పేరు ఉండి, ఫోను 5 మీద నడుస్తున్నప్పుడు కెమెరా జోడింపు తరచుగా విఫలమవుతుంది. రెండు శ్రేణులకూ వేర్వేరు పేర్లు పెట్టుకోవాలి. లేదా జోడింపు పూర్తయ్యే వరకు 5ను నిలిపివేయాలి. భద్రతా పద్ధతి డబ్ల్యూపీఏ3 మాత్రమే అని ఉంటే పాత కెమెరాలు కలవవు. అప్పుడు డబ్ల్యూపీఏ2ను కూడా అనుమతించాలి. ఈ మార్పులు ఎక్కడ చేయాలో తెలియకపోతే ఇంటర్నెట్ ఇచ్చిన కేబుల్ ఆపరేటరును అడగవచ్చు.

రెండవది ఫోను. వైఫై పాస్‌వర్డ్‌లో పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు వేరువేరని గుర్తుంచుకోవాలి. చివర పొరపాటున పడిన ఖాళీ కూడా తప్పుగానే లెక్క. యాప్ అడిగిన లొకేషన్ అనుమతి ఇవ్వకపోతే కొన్ని ఫోనులలో కెమెరా కనిపించనే కనిపించదు. వీపీఎన్ నడుస్తుంటే ఆపాలి. ఇంతకుముందు ఒకసారి ప్రయత్నించి ఉంటే, కెమెరా మీది రీసెట్ మీటను కొన్ని క్షణాలు నొక్కి ఉంచి, దీపం మిణుకుమిణుకుమన్నాక మళ్ళీ మొదలుపెట్టాలి.

మూడవది స్థలం. కెమెరాను ముందే గోడకు బిగించరాదు. రౌటర్ పక్కనే ఉంచి జోడించి, ఆ తరువాతనే దాని చోటికి తీసుకుపోవాలి. పక్కన పనిచేసినది అక్కడ ఆగిపోతే కారణం దూరమో, అడ్డమో అని తేలిపోతుంది. మందపాటి గోడలు, ఇనుప తలుపులు, అద్దకపు షెడ్ల రేకులు తరంగాలను అడ్డుకుంటాయి. రౌటర్‌ను బీరువా వెనుక దాచక, ఎత్తున, ఇంటి నడుమ ఉంచితే ఎంతో మేలు.

నాల్గవది విద్యుత్తు. పగలంతా పనిచేసి రాత్రి కాగానే ఆగిపోయే కెమెరాకు జబ్బు వైఫైలో కాక అడాప్టరులో ఉండవచ్చు. చీకటిలో చూడటానికి దానిలోని పరారుణ దీపాలు వెలుగుతాయి. అప్పుడు అదనపు విద్యుత్తు కావాలి. బలహీనమైన అడాప్టరు, నాసిరకపు పొడవాటి తీగ ఆ బరువు మోయలేవు. కెమెరాతో వచ్చిన అడాప్టరునే వాడాలి.

ఐదవది హాట్‌స్పాట్. ఇంట్లో ఇంటర్నెట్ లేక ఒకరి ఫోను హాట్‌స్పాట్‌తో కెమెరా నడిపే వారున్నారు. ఆ ఫోను బజారుకు వెళ్ళిన మరుక్షణం కెమెరా కూడా ఆఫ్‌లైన్ అవుతుంది. దూరాన ఉన్న కుమారుడు ఏమైందోనని కలవరపడతాడు. మెమరీ కార్డు ఉంటే ఇంటర్నెట్ లేని వేళ కూడా చాలా కెమెరాలు రికార్డు చేస్తూనే ఉంటాయి.

కెమెరా కలిసినంత మాత్రాన పని ముగియలేదు. ఖాతా ఎవరి ఫోనులో తెరిచారు? బిగించిన వ్యక్తి తన ఫోనులో తెరిచి ఉంటే, అతను వెళ్ళిపోయాక కూడా మీ వాకిలి అతని కళ్ళ ముందే ఉంటుంది. అటువంటి పక్షంలో అతని ఖాతా నుంచి కెమెరాను తొలగింపజేసి, ఇంటివారి ఫోనులో కొత్తగా జోడించుకోవాలి. తయారీదారు పెట్టిన పాస్‌వర్డ్ ఉంటే వెంటనే మార్చాలి. 2016లో ‘మిరాయ్’ అనే హానికర సాఫ్ట్‌వేర్ అటువంటి పాస్‌వర్డ్‌లను ప్రయత్నించే లక్షలాది కెమెరాలను, రౌటర్లను వశపరచుకున్నది. ఆ ఏడాది అక్టోబరు 21న ఆ పరికరాలతో జరిగిన దాడికి అమెరికాలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ వంటి సేవలు గంటల తరబడి స్తంభించాయి.

కెమెరా ఏ వైపు చూస్తున్నదో కూడా చూసుకోవాలి. పరుల రహస్యాలు ఆరా తీయడాన్ని దివ్య ఖుర్ఆన్‌లోని హుజురాత్ సూరా 12వ ఆయత్ నిషేధించింది. అనుమతి లేనిదే ఇతరుల ఇళ్ళలో ప్రవేశించరాదని నూర్ సూరా 27వ ఆయత్ బోధించింది. కాలితో ప్రవేశించరాని చోటికి కెమెరా కన్ను ప్రవేశించడం సమ్మతమా? పొరుగువారి వాకిలి, కిటికీ, మేడ దానిలో పడకుండా తిప్పుకోవాలి. మన ఇంటి లోపలి గదులకూ ఆ గౌరవమే వర్తిస్తుంది. వీధి తలుపు కనిపిస్తే చాలును.

తలుపు తాళంచెవి పరుల చేతికి ఇవ్వని మనం కెమెరా పాస్‌వర్డ్‌ను మాత్రం ఎందుకు ఇవ్వాలి? ఓ గంట ఓపిక పట్టి ఇంటివారే కూర్చుని జోడించుకుంటే ఆ తాళంచెవి ఇంట్లోనే ఉంటుంది. అల్లాహ్ మన ఇళ్ళను, పొరుగువారి ఇళ్ళను కాపాడుగాక! ఆమీన్.