సీ బుక్కులో లేని ఇంజిను

మా చిన్నాన్న పికప్‌కు ఈ వారం ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) ఇవ్వకుండా వెనక్కి పంపేశారు. ఛాసిస్ గట్టిగా ఉంది, బ్రేకులు పడుతున్నాయి, పొగ లేదు. తేడా ఒక్కటే: సీ బుక్కులో ఉన్న ఇంజిను వేరు, బానెట్ కింద ఉన్నది వేరు.

పాత ఇంజినుకు రెండుసార్లు బోరు చేయించాడాయన. మళ్లీ ఆయిలు తాగడం మొదలెట్టేసరికి విసిగిపోయి విజయవాడ ఆటోనగర్‌కు తోలుకెళ్లాడు. యాక్సిడెంటైన బండి నుంచి తీసిన కామన్ రైల్ ఇంజిను, అదే కంపెనీది, బిల్లుతో సహా దొరికింది.

ఆ ఇంజిను బిగించే పని నేను పక్కనే నిలబడి చూశాను. పాత డీజిల్ ఇంజినుకు పంపు, నాజిళ్లు ఉంటే చాలు, వైర్లతో పెద్దగా పని లేదు. కామన్ రైల్‌లో డీజిల్ 1,000 బార్లు దాటిన ఒత్తిడితో ఉంటుంది. ఏ సిలిండరుకు ఎప్పుడు ఎంత చిమ్మాలో ఈసీయూ, అంటే ఇంజినును నడిపే కంప్యూటర్, నిర్ణయిస్తుంది. కాబట్టి ఇంజినుతోపాటు వైరింగు, సెన్సార్లు, యాక్సిలరేటర్ పెడల్ కూడా ఆ బండివే రావాలి. అక్కడి మిస్త్రీ పాత మౌంటింగులు కోసి కొత్తవి వెల్డింగ్ చేశాడు. రేడియేటర్ పెద్దది వేశాడు. ఒక్కో వైరూ మీటరు పెట్టి చూసుకుంటూ ఆరు రోజులు కూర్చున్నాడు. ఏడో తరగతితో చదువాపేసిన మనిషి! ఆ చేతుల్లో ఉన్న ఇంజినీరింగుకు మన దగ్గర ఏ కాగితం మీదా చోటు లేదు. ఏళ్లుగా ఇదే రాస్తున్నాను, ఇకపైనా రాస్తాను.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే మాట తేల్చి చెప్పింది. సరే. కానీ అదే సెక్షన్ కిట్టు బిగించుకుని సీఎన్‌జీకి, బ్యాటరీకి మారడానికి దారి ఇస్తోంది. డీజిల్ ఇంజినే తీసిపారేసి మోటారు పెట్టుకోవచ్చు గానీ, తక్కువ పొగ వదిలే డీజిల్ ఇంజిను పెట్టుకోకూడదా? అనుమతి అడిగి అదే రకం ఇంజిను వేసుకోవచ్చంటారు. ఆ రకం తయారీ ఆగిపోయి ఏళ్లయింది. భద్రతే మీ భయమైతే పరీక్ష పెట్టండి. బ్రేకులు చూడండి, పొగ కొలవండి, ఫీజు తీసుకోండి. తప్పితే ఆపేయండి.

ఇంజిను బిగించిన ఆ ఆరు రోజుల్లో రెండు రోజులు స్కానర్ కోసం తిరగడానికే పోయాయి. ఈసీయూలోని తాళం కోడు చదివే స్కానరు బయటి మెకానిక్‌కు తేలిగ్గా దొరకదు. మనం డబ్బు పోసి కొన్న బండికి గుట్టు కంపెనీ దగ్గరుంటుంది! బండ్లే కాదు, మా వాషింగ్ మెషీన్‌కు బోర్డు పోతే కొత్త మెషీనే కొనమన్నారు. రిపేరు హక్కు మీద కేంద్రం 2022 జులైలో కమిటీ వేసింది. వాహనాలు, ఫోన్లు, వ్యవసాయ పరికరాలు అన్నీ అందులో ఉన్నాయి. పోర్టల్ కూడా తెరిచారు. మిస్త్రీ చేతికి మాత్రం ఇంకా స్కానరు రాలేదు.

చిన్నాన్న బండి చింతచెట్టు కింద ఉంది. ఎఫ్‌సీ కోసం పాత ఇంజినే ఎక్కించుకోమని ఎవరో చెప్పారట. మిస్త్రీకి ఫోన్ చేస్తే, "ఆ పని నాకు చెప్పకండి బాబాయ్" అన్నాడట.