బిడియం అనే ముసుగు

బాసరలో సరస్వతి ముందు మన ఆడపిల్లలకూ అక్షరాభ్యాసం చేయిస్తాం. వేలు పట్టి పలక మీద అక్షరాలు దిద్దిస్తాం. ఇంటికి రాగానే 'నలుగురిలో నోరు తెరవకు' అంటాం. పదేళ్ళ తర్వాత ఆ పిల్ల నోరు మెదపకపోతే 'మా అమ్మాయికి బిడియం ఎక్కువ' అని మురిసిపోతాం!

ఈ మాటను రోజూ ఎలా వాడుతున్నామో చూడండి. మగవాడు మాట్లాడకపోతే 'గంభీరమైన మనిషి'. ఆడది మాట్లాడకపోతే 'బిడియస్తురాలు'. కూలి తక్కువిచ్చినా అడగకపోతే 'మొహమాటస్తురాలు'. అడిగిందా, 'శరం లేనిది'. భయాన్ని స్వభావంగా మార్చేసే మాట ఇది. స్వభావమే అయితే భయపెట్టినవాడిని నిలదీసే పనే ఉండదు కదా!

ఇది కేవలం మాటల గొడవ కాదు. ఆదిలాబాద్ పొరుగున, చంద్రపూర్ జిల్లాలో, 1972లో పోలీస్ స్టేషన్‌లోనే ఆదివాసీ బాలిక మథురపై అత్యాచారం జరిగింది. ఒంటిపై గాయాల్లేవు, కేకలు వేయలేదు కనుక ఆమె సమ్మతించినట్లేనని 1978లో సుప్రీంకోర్టు ఇద్దరు పోలీసులనూ నిర్దోషులుగా వదిలేసింది. ఎదిరించనంత మాత్రాన సమ్మతించినట్టు కాదని చట్టంలో స్పష్టంగా రాయడానికి 2013 దాకా పట్టింది.

మరి మన సంగతేమిటి? 'మహిళలు మాట్లాడటానికి బిడియపడ్డారు' అని మన సంఘాల నివేదికల్లో ఇంకా రాస్తూనే ఉన్నాం. ఆ వాక్యం కొట్టేద్దాం. ఆ మీటింగులో సర్పంచి కూర్చున్నాడా? భర్త కూర్చున్నాడా? పని ఇచ్చే మేస్త్రీ కూర్చున్నాడా? అది రాద్దాం. వాళ్ళను బయటికి పంపి, ఆమెను మళ్ళీ అడుగుదాం.