యానిమల్ హౌస్ సిబ్బంది ఊపిరికి పూచీ ఎవరిది?

పరిశోధన సంస్థలో ప్రయోగ జంతువులను ఉంచే యానిమల్ హౌస్‌లో చేరిన అటెండెంటుకు కొన్ని నెలలకు తుమ్ములు, కళ్ల దురద, పిల్లికూతలు మొదలవుతాయి. పరీక్షలో ఎలుక ప్రోటీన్‌కు కాకుండా, దుమ్ములో బతికే చిన్న పురుగైన డస్ట్ మైట్‌కు అలర్జీ తేలితే, అది ఇంట్లో పరుపు నుంచి వచ్చిందిలే అని ఫైలు మూసేయడం అన్యాయం. డస్ట్ మైట్‌ను కూడా ఆ పనిచోటి ప్రమాదంగానే లెక్కించాలి.

ప్రయోగశాల జంతువులతో పనిచేసేవారికి ఆస్తమా ముప్పుందని అమెరికా ప్రభుత్వ సంస్థ నయోష్ 1998లోనే హెచ్చరించింది. మూడో వంతు మందికి అలర్జీ లక్షణాలు, పదిమందిలో ఒకరికి ఆస్తమా లక్షణాలు ఉంటాయని అంచనా కట్టింది. ఇందులో పెద్ద దోషి ఎలుక మూత్రంలోని ప్రోటీనే. అలాగని రెండో దోషి అయిన డస్ట్ మైట్‌ను వదిలేస్తామా?

మైట్ నీళ్లు తాగదు, గాలిలోని తేమనే ఒంట్లోకి పీల్చుకుంటుంది. రాలిన చర్మపు పొట్టు తిని బతుకుతుంది. దాని బంధువులైన మరికొన్ని మైట్లు మేత బస్తాల్లో పెరుగుతాయి. అలర్జీ తెచ్చేది కాటు కాదు, వాటి మలం, కళేబరాల పొడి. బోనులో పరిచిన పాత ఊక దులిపేటప్పుడు లేచే దుమ్ములో ఎలుక ప్రోటీన్‌తో పాటు ఇవీ కలిస్తే అటెండెంటు రెండింటినీ పీలుస్తాడు.

మన దేశంలో జంతు ప్రయోగాల పర్యవేక్షణ కమిటీ మార్గదర్శకాలు గదిలో 30 నుంచి 70 శాతం తేమను అనుమతిస్తాయి. ఎలుకకు ఇబ్బంది లేదు. కానీ 50 శాతం దిగువన ఎండి చచ్చే మైట్ 70 దగ్గర వృద్ధి చెందుతుంది. మరీ తగ్గిస్తే ఎలుక పిల్లల తోకలు దెబ్బతింటాయి కనుక 40–50 మధ్య నిలపాలి. వానాకాలంలో, అందులోనూ విశాఖ వంటి తీర నగరాల్లో, దీనికి కరెంటు ఖర్చు బాగానే అవుతుంది. ఆ ఖర్చు భరించాల్సిందే. మేత, ఊక నిల్వచేసే గదులకూ ఈ నియమం వర్తించాలి.

ఊక పారబోసేచోట దుమ్మును లాగేసే యంత్రం, ముఖానికి సరిగ్గా అతికే ఎన్95 మాస్కు ఉండాలి. సర్జికల్ మాస్కు చాలదు. చేరేటప్పుడు, ఆపై ఏటా ఊపిరితిత్తుల పరీక్ష, ఎలుకతో పాటు మైట్లకూ అలర్జీ పరీక్ష చేయించాలి. పనిలో అలర్జీ కారకాల వల్ల వచ్చే ఆస్తమా మన చట్టాల వృత్తి వ్యాధుల జాబితాలో ఉంది. కానీ పరీక్షల రికార్డు లేకపోతే కార్మికుడు దాన్ని ఏ ఆధారంతో నిరూపించుకుంటాడు? హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలోని పరిశోధన సంస్థలు ఇందులో ముందు నడవాలి. బోన్లు కడిగే కాంట్రాక్టు కార్మికులను ఈ పరీక్షల నుంచి మినహాయించే ఏ టెండరునూ అవి ఆమోదించకూడదు.