ఫోటో బరువు తగ్గించండి, తెగులును మాయం చేయకండి

ధూల్‌పేట్‌లో కింద పతంగుల కొట్లు, పైన మా మిద్దె తోట. కిందటి నెల మిరప ఆకులు ముడుచుకున్నాయి. ఫోటోను బాగా కుదించి గ్రూపులో పెట్టాను. ఒకాయన తామర పురుగు అన్నారు, ఇంకొకాయన నల్లి అన్నారు. తప్పు వాళ్లది కాదు, నా ఫోటోలో ఏమీ కనబడలేదు మరి!

తామర పురుగైతే ఆకు పైకి ముడుచుకుంటుంది, నల్లి అయితే కిందికి. నీలం జిగురు అట్టలు తామర పురుగును పడతాయి, నల్లిని పట్టవు. నేను అట్టలు కట్టాను. తీరా చూస్తే నల్లి! వారం పోయింది.

అందుకే నా మాట: ముందు కత్తిరించండి, తర్వాతే కుదించండి. గోడ, ఆకాశం, పక్క కుండీ ఎందుకు? ఆకు ఒక్కటే ఉంచండి. ఇంకా పెద్దదనిపిస్తే కొలత తగ్గించండి. 4000×3000 ఫోటోను 2000×1500 చేస్తే పిక్సెళ్లు నాలుగో వంతే. క్వాలిటీని మాత్రం మరీ దించొద్దు, ఆకు అలుక్కుపోతుంది. ఆకు అడుగు భాగం ఫోటోను వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నదున్నట్టు వెళ్తుంది.

పొలంలో సిగ్నల్ అందని రైతుకు చిన్న ఫోటోనే మేలు, ఒప్పుకుంటాను. అయితే పది ఫోటోలు వద్దు. మొక్క మొత్తం ఒకటి, ఆకు దగ్గరగా ఒకటి, చాలు. ఎలా కత్తిరించాలో పై వీడియోలో చూడండి.